ఎడారి పెరట్లో గుంటూరు కుండలు

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో, లాం దాటిన తరువాత, రోడ్డు వారగా ఒక కుమ్మరి కుటుంబం నడుపుకొంటున్న దుకాణంలో నేను గత ఏడాది జనవరిలో 14 మట్టి కుండలు కొన్నాను. అవి మంచినీళ్లకూ కాదు, వంటకూ కాదు. మెడ దాకా నేలలో పాతిపెట్టి, లోపల నీళ్లు నింపి, చుట్టూ కూరగాయల మొక్కలు పెంచుకోవడానికి కొన్న కుండలు. వాటిలో ఆరు నాతోపాటు విమానమెక్కి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరాన్ని ఆనుకుని ఉన్న చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంటి పెరటికి చేరాయి. మిగిలిన ఎనిమిదింటిలో ఆరు గుంటూరు కొరిటెపాడులోని మా ఇంట్లోనూ, రెండు విజయవాడ మొగల్రాజపురంలోని మా చెల్లెలి ఇంట్లోనూ ఉన్నాయి. ఏడాదిన్నర వాడకం తరువాత, ఈ మూడు చోట్లా అవి ఎలా పనిచేశాయో రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఎడారి నేలకూ, నీళ్లు నిలవని గరుకు నేలకూ, మేడ మీది తొట్లకూ ఈ కుండలు చాలా మంచి వస్తువు. నల్లరేగడిలో నేరుగా పాతిపెట్టాలనుకునే వారికి మాత్రం వీటిని కొనమని చెప్పలేను. ఎందుకు చెప్పలేనో తరువాత వివరిస్తాను.

మా అమ్మాయి ఆ ఇల్లు కొన్నప్పుడు వెనుక ఉన్న స్థలం పెరడు అనిపించుకునేలా లేదు. మూడు వైపులా సిమెంటు ఇటుకల ప్రహరీ, నేలంతా పరిచిన గోధుమరంగు గులకరాళ్లు, ఒక మూల మెస్కీట్ చెట్టు, ఇంకొక మూల పాలో వెర్డే చెట్టు, అంతే. ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు తలపుకు వస్తాయి కానీ, ఆ ప్రాంతమంతా వ్యాపించిన సోనోరన్ ఎడారి అలా ఉండదు. శీతకాలంలో కొన్ని జల్లులు, వేసవి చివర కొన్ని ఉరుముల వానలు, ఇలా ఏడాదికి రెండు విడతలుగా తడి అందడం వల్ల అక్కడ చెట్లూ, పొదలూ, రకరకాల బ్రహ్మజెముడు జాతులూ విస్తారంగా ఉంటాయి. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, మన జమ్మిదీ ఆ కుటుంబమే. దాని కాయలు తియ్యగా ఉంటాయి. అక్కడి ఆదివాసులు వాటిని పిండి చేసి తినేవారు. పాలో వెర్డే అంటే స్పానిష్ భాషలో పచ్చని కర్ర అని అర్థం. నీళ్లు దొరకని రోజుల్లో ఆ చెట్టు ఆకులు రాల్చేసి, పచ్చగా ఉన్న కాండంతోనే తన ఆహారం తయారుచేసుకుంటుంది. ఏప్రిల్‌లో అది పూసినప్పుడు మన రేల చెట్టు గుర్తుకు వచ్చి, నేను చాలాసేపు దాని కిందనే కూర్చున్నాను.

ఆ నేల మాత్రం మనం ఎరిగిన నేల కాదు. ఫీనిక్స్‌లో ఏడాదంతా కలిపి పడే వాన దాదాపు 180 నుంచి 200 మిల్లీమీటర్లు. మనకు ఒక మంచి వానాకాలపు నెలలో పడేంత. 2023లో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరుసగా 31 రోజులు అక్కడి పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా నమోదైంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం రెండు వారాల ఎండ గురించి చెప్పుకొంటాం. అక్కడ ఆ ఎండ నెలల తరబడి ఉంటుంది. దీనికి తోడు పై మట్టి కింద కలీచీ అనే పొర ఉంటుంది. మట్టిలోని సున్నపు లవణాలు పేరుకుని ఇసుకనూ కంకరనూ సిమెంటులాగా బిగించేసిన పొర అది. గునపం దెబ్బకు నిప్పురవ్వలు లేస్తాయే తప్ప అది ఒక పట్టాన పగలదు. పైన పోసిన నీరు కిందికి ఇంకకుండా పక్కలకు జారిపోతుంది.

మేము వెళ్లడానికి రెండేళ్ల ముందు మా అల్లుడు టైమరుతో పనిచేసే డ్రిప్ గొట్టాలు తెచ్చి అమర్చుకున్నాడు. మొదటి ఏడాది బాగానే పనిచేసింది. అక్కడి నీటిలో సున్నం ఎక్కువ కావడంతో రెండో ఏడాది వేసవికి నీరు కారే మొనలు ఒకటొకటిగా మూసుకుపోయాయి. పైకి చూస్తే గొట్టం తడిగానే ఉంటుంది కాబట్టి, మొక్క వాడిపోయేదాకా ఏ మొన మూసుకుపోయిందో తెలిసేది కాదు. వాళ్లు వారం రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి వంగ మొక్కలు అన్నీ మాడిపోయి ఉన్నాయట. చెట్లకు, పొదలకు డ్రిప్ మంచిదే, ఇప్పటికీ వాటికి అదే ఉంది. పిల్లలు దగ్గరుండి పెంచుకునే నాలుగు కూరగాయల పాదులకు మాత్రం వేరే ఉపాయం కావాలనిపించింది.

ఆ ఉపాయం కొత్తదేమీ కాదు. ఉప్పు, సున్నం, రంగు పూయని కాల్చిన మట్టి పాత్రకు సన్నటి రంధ్రాలు ఉంటాయని, వాటి నుంచి నీరు చెమర్చి ఆవిరవుతుంటేనే కుండలో నీళ్లు చల్లబడతాయని మనందరికీ తెలుసు. అదే కుండను నేలలో పాతితే, చుట్టూ ఉన్న మట్టి పొడిగా ఉన్నప్పుడు తేమను బయటికి లాగుతుంది. మట్టి తడిసిన తరువాత ఆ లాగుడు తగ్గి, ఊట నెమ్మదిస్తుంది. నేలకు ఎంత దాహం ఉంటే అంతే నీరు దిగుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. మన దేశంలో కర్నాల్‌లోని కేంద్ర నేల లవణీయత పరిశోధన సంస్థ చవుడు నేలల కోసం దీనిని ప్రయోగించి చూసింది. అమెరికా నైరుతి ప్రాంతంలో ఇటువంటి కుండను స్పానిష్ మాటతో ఓయా అంటారు. ఫీనిక్స్ దుకాణాలలో అవి దొరుకుతాయి కూడా. అయితే మేము చూసినప్పుడు ఒక్కొక్కటి 30 డాలర్లకు పైగా ఉంది. ఆ ధర విన్న తరువాత, అమరావతి దారిలోని దుకాణం నాకు గుర్తుకు వచ్చింది.

దుకాణం అంటే తాటాకు పందిరి, దాని కింద వరుసలుగా బోర్లించిన కుండలు, వెనుక కుండలు చేసే సారె, ఇంకా వెనుక వాటిని కాల్చే ఆవం. నేను వెళ్లేటప్పటికి పెద్దాయన ఒక్కరే ఉన్నారు. ముందువైపు ఎర్రరంగు పూసి, ముగ్గులు వేసి, నున్నగా మెరిసే కూజాలు ఉన్నాయి. నేను వాటినే తీసుకోబోయాను. నేలలో పాతడానికి అని చెప్పగానే ఆయన వాటిని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టారు. "రంగేసింది చెమర్చదమ్మా. మీకు కావాల్సింది ఇట్టా మెరవకూడదు" అని, లోపలి నుంచి రంగు లేని కుండలు తెచ్చి, వేలి కణుపుతో కొట్టి వినిపించారు. ఎక్కువ వేడికి కాలిన కుండ బిగుసుకుపోయి నీరు వదలదని, సరిగా కాలనిది తడి నేలలో కొన్నాళ్లకే మెత్తబడి విరిగిపోతుందని, ఖంగుమంటూనే తడి వేలు ఆనించగానే తేమ పీల్చుకునే కుండ సరైనదని ఆయన చెప్పారు. ఎక్కువ ధర పలికే వస్తువును చేతిలోంచి తీసేసి, తక్కువ ధర వస్తువును ఇచ్చిన ఆ నిజాయతీని నేను ఎన్నటికీ మరచిపోను.

లీటరు పట్టే ముంతలు 60 రూపాయలు, రెండున్నర లీటర్ల కుండలు 110, ఐదు లీటర్లవి 180 చొప్పున తీసుకున్నారు, మూకుళ్లు విడిగా 20 రూపాయలు. పాతే కుండకు పొట్ట గుండ్రంగా, మెడ సన్నగా ఉండాలి. పొట్ట ఎంత విశాలంగా ఉంటే అంత మట్టికి తడి అందుతుంది, మెడ ఎంత సన్నగా ఉంటే పైనుంచి ఆవిరయ్యే నీరు అంత తగ్గుతుంది. ఇక్కడి కుండల్లో పొట్ట బాగానే ఉంది కానీ, నీళ్లు ముంచుకోవడానికి వీలుగా చేసినవి కావడం వల్ల మూతులు కొంచెం వెడల్పు. చేత్తో చేసినవి కాబట్టి ఏ రెండు మూతులూ ఒకే కొలతలో ఉండవు, మూకుళ్లు కొన్నింటికి సరిగా కూర్చోలేదు. ఇంటికి తెచ్చాక అన్నింటిలో నీళ్లు పోసి రాత్రంతా అరుగు మీద ఉంచాను. తెల్లవారేసరికి 12 కుండలు పొట్టంతా సమానంగా చెమర్చాయి, రెండు మాత్రం ఒక పక్కనే తడిశాయి. ఆ రెండింటినీ మరునాడు తీసుకువెళితే పెద్దాయన మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. కొన్న వెంటనే ఈ పరీక్ష చేసుకోవడం చాలా అవసరం. పాతిపెట్టిన తరువాత కుండ చెమర్చడం లేదని తెలుసుకోవాలంటే మొక్కను పోగొట్టుకోవాలి.

పరదేశం తీసుకువెళ్లదలచినవారు ఒక సంగతి గమనించాలి. ఆయన అలవాటు ప్రకారం కుండలను వరిగడ్డి చుట్టి ఇచ్చారు. అమెరికాకు వెళ్లే సామానులో గడ్డి గానీ, మట్టి గానీ ఉండకూడదు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలను కూడా అనుమతించరు. అందువల్ల గడ్డి తీసేసి, కుండలను మట్టి అంటు లేకుండా కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, పాత నూలు చీరల మడతల మధ్య పెట్టుకున్నాను. గోంగూర, బెండ విత్తనాలను మా అమ్మాయి అక్కడే భారతీయుల దుకాణంలో కొన్నది. రెండున్నర లీటర్ల కుండ కిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది కాబట్టి బరువు సమస్య కాలేదు. దిగేసరికి ఆరింటిలో ఒకటి నడుముకు పగిలి ఉంది. దాని అడుగు భాగం మాత్రం పళ్లెంలాగా చెక్కుచెదరకుండా మిగిలింది. మా మనుమరాలు దానిని పారేయనివ్వలేదు.

ఫిబ్రవరి మూడో వారంలో, ఒక శనివారం తెల్లవారుజామున పని మొదలుపెట్టాం. ఇక్కడ మనం కూరగాయలకు మడిని ఎత్తు చేస్తాం, వానకు నీరు నిలిచి వేరు కుళ్లకుండా. ఎడారిలో దానికి విరుద్ధంగా నేలకంటే జానెడు లోతుగా మడి చేయాలి; పడిన కాస్త వానా, పోసిన కాస్త నీరూ అందులోనే నిలుస్తాయి. మావారు దానిని చూసి, "ఇది మన పాదే కదా, కొంచెం పెద్దది" అన్నారు. నిజంగానే మామిడి మొక్కకు పాదు చేసినట్టే ఉంది. గులకరాళ్లను పక్కకు లాగి, అల్లుడు గడ్డపారతో కలీచీ పొరను అంగుళం అంగుళంగా పగలగొడుతుంటే, తొమ్మిదేళ్ల మనుమరాలు, ఐదేళ్ల మనుమడు ఆ తెల్లటి పెళ్లలను బకెట్లలో మోశారు. ఒక్కొక్క గుంతకు అరపూట పట్టింది. తవ్విన మట్టిలో మూడో వంతు కంపోస్టు కలిపి, కుండను మధ్యలో నిలబెట్టి, పొట్ట కింద ఎక్కడా ఖాళీ మిగలకుండా తడిమట్టిని చేతులతో అదిమి నింపాం. కుండకూ మట్టికీ మధ్య ఖాళీ ఉంటే తేమ దాటదు కాబట్టి, ఈ అదమడంలోనే పనితనమంతా ఉంది. మెడ రెండంగుళాలు పైకి ఉంచి, మూకుడు పెట్టి, దాని మీద ఒక గులకరాయి పెట్టాం. మూత లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, బల్లులు పడతాయి.

ఐదు కుండలూ పిల్లల బాధ్యత. మనుమరాలు ఒక వెదురుపుల్లకు గీతలు పెట్టి, రోజూ పొద్దున పుల్ల ముంచి ఎంత నీరు దిగిందో నోటుపుస్తకంలో రాసేది. ఆ పుస్తకం వల్లనే నేను ఈ వివరాలు ఇవ్వగలుగుతున్నాను. మార్చిలో కుండ నాలుగైదు రోజులకు ఒకసారి ఖాళీ అయ్యేది. ఏప్రిల్ చివరికి రెండు రోజులు, జూన్ నాటికి ప్రతిరోజూ నింపవలసి వచ్చింది. జూన్‌లో ఐదు కుండలకూ కలిపి రోజుకు సుమారు 10 లీటర్లు పట్టేవి. అంతకు ముందు ఏడాది అవే పాదులకు గొట్టంతో మూడు బకెట్లు పోసినా సాయంత్రానికి మట్టి పొడిబారేదని అల్లుడు చెప్పాడు. నీళ్లు మాత్రం తెల్లవారుజామునే పోయాలి. ఎండలో పడివున్న రబ్బరు గొట్టంలోని నీరు చేయి కాలేంత మరిగి ఉంటుంది కాబట్టి, పిల్లలకు గొట్టం ఇచ్చేముందు పెద్దవాళ్లు ఆ వేడి నీటిని వదిలేసి చూడాలి.

విత్తనం నాటిన మొదటి రెండు మూడు వారాలు కుండ మీద ఆధారపడకూడదు. ఊట లోపల ఉంటుంది, మొలక పైన ఉంటుంది. వేరు కుండను చేరుకునే దాకా పైనుంచి చేతితో చిలకరించాలి. ఇది తెలియక మొదటి విడత గోంగూర మొలకలు కొన్ని ఎండిపోయాయి. తరువాత మొలిచిన అలసందలను కుందేళ్లు ఒక్క రాత్రిలో కొరికేశాయి, చుట్టూ ఇనుప వల కట్టాల్సి వచ్చింది. టమాటా ఫిబ్రవరిలో నారు పెడితే మే దాకా బాగా కాసింది, ఆ తరువాత పూత రాలిపోయింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గని రోజుల్లో టమాటాకు పిందె నిలవదు, దానికి కుండ చేయగలిగింది ఏమీ లేదు. బెండ, గోంగూర, అలసంద మాత్రం మన ఎండకు పుట్టినవి కాబట్టి, పడమటి గోడ వైపు సగం నీడనిచ్చే వల కట్టిన తరువాత జూలై దాకా కాస్తూనే ఉన్నాయి. గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది. ఎడారి పెరట్లో పడమటి గోడ పక్కన నీడ లేకుండా ఏదీ నాటకూడదని అక్కడే నేర్చుకున్నాను. ఫీనిక్స్‌లో 1939 నుంచి ఉన్న ఎడారి వృక్షోద్యానానికి వెళ్లినప్పుడు, అక్కడి లేత మొక్కల్లో చాలావాటిని పెద్ద చెట్ల నీడన చూశాను. సవారో అనే స్తంభంలాంటి మహా జెముడు కూడా బాల్యంలో మెస్కీట్ నీడనో, పాలో వెర్డే నీడనో పెరుగుతుందట. దానికి కొమ్మ రావడానికి యాభై ఏళ్లకు పైగా పడుతుంది. ఆ మాట విన్నాక మా మనుమడు ప్రతి సవారో దగ్గరా ఆగి, కొమ్మలు లెక్కపెట్టి, "ఇది తాతయ్య కంటే పెద్దది" అని నిర్ణయించేవాడు.

కుండలు కొన్నది కూరగాయల కోసమే అయినా, వాటివల్ల మేము పొందిన ఎక్కువ ఆనందం కూరగాయల్లో లేదు. పొద్దున ఐదింటికి అందరం నీళ్లు పోయడానికి బయటికి రావడమనే అలవాటు ఆ కుటుంబానికి కొత్త. ఎండాకాలం మొత్తం ఏసీ గదుల్లో ఉండే పిల్లలకు, ఎడారి ప్రాణం అంతా తెల్లవారుజామున, చీకటి పడిన తరువాత కదులుతుందని తెలిసింది అప్పుడే. మిగిలిన ఆ కుండ అడుగును మనుమరాలు మెస్కీట్ కింద పెట్టి, తేనెటీగలు మునిగిపోకుండా నాలుగు గులకరాళ్లు వేసి, నీళ్లు పోసింది. మొదట గువ్వలు వచ్చాయి. వారం తరువాత నుదుటి మీద నల్లటి ఈక వంకీ తిరిగిన కంజు జాతి పిట్టలు జంటగా వచ్చాయి. ఏప్రిల్ చివర ఒక రోజు అవి ఉసిరికాయంత పిల్లలను వరుసగా వెంటబెట్టుకుని బెండ మొక్కల కింద నుంచి నడిచి వచ్చి, ఆ పెంకు చుట్టూ నిలబడి తాగాయి. మేమంతా వంటింటి కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి చూశాం. అలసంద పూల మీదికి హమ్మింగ్‌బర్డ్ వచ్చేది. చూడగానే మన తేనెపిట్ట అనుకున్నాను కానీ అది వేరే జాతి. కొమ్మ మీద వాలకుండా గాలిలోనే నిలిచి తాగుతుంది. ఎదురింటి సవారోకు వడ్రంగిపిట్టలు తొలిచిన తొర్రలు ఉన్నాయి. మే నెలలో దాని శిఖరం మీద తెల్లటి పూలు రాత్రిపూట విచ్చుకుని మరునాటి మధ్యాహ్నానికి ముడుచుకునేవి, వాటి కోసం తెల్లరెక్కల గువ్వలు బారులు తీరేవి.

రాత్రి వేళ పెరట్లోకి చెప్పులు, బూట్లు లేకుండా వెళ్లకూడదు. అతినీలలోహిత కాంతి టార్చి వేస్తే తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఒక రాత్రి గోడ మీద మూడు కనిపించాయి. కుండ మూకుడు ఎత్తేటప్పుడు కూడా కింద చూసి ఎత్తమని పిల్లలకు నేర్పాం, తడి ఉన్నచోట అవి చేరతాయి కాబట్టి.

మేము తిరిగి వచ్చే ముందు, జూలైలో అక్కడి వానాకాలం మొదలైంది. వాళ్లూ దానిని మాన్సూన్ అనే అంటారు, జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా అని లెక్క. మొదట దిక్కంతా ధూళి గోడలాగా లేచి వచ్చింది, తరువాత ఉరుములు, ఆ తరువాత పది నిమిషాల కుండపోత. వాన ఆగగానే క్రియోసోట్ అనే పొద ఆకుల నుంచి ఒక ఘాటైన వాసన ఊరంతా వ్యాపించింది. తొలకరికి మన నేల వాసన లాంటిది కాదు అది, కానీ అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడి పీల్చడం మాత్రం అచ్చంగా మన ఊళ్లో లాగే ఉంది. ఆ రోజు మడి నిండింది. తరువాత మూడు రోజులు కుండల్లో నీరు అంగుళం కూడా దిగలేదని మనుమరాలి పుస్తకంలో ఉంది. నేల తడిగా ఉంటే కుండ నీటిని తనలోనే ఉంచుకుంటుందన్న మాటకు ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

ఇక గుంటూరు సంగతి. ఈ వేసవిలో మా ఇంటి వెనుక నల్లరేగడిలో మూడు కుండలు పాతాను. మార్చి దాకా పరవాలేదు. ఏప్రిల్‌లో నేల ఎండి, రేగడి స్వభావం ప్రకారం నెర్రెలు విచ్చింది. మట్టి కుంచించుకుపోయి కుండ పొట్టను వదిలేసింది. మధ్యలో వేలు పట్టేంత ఖాళీ వచ్చింది, ఇక కుండలో నీరున్నా మొక్కకు అందలేదు. జూన్ వానకు అదే మట్టి ఉబ్బి, ఒక కుండను పగలగొట్టింది. ఇది కుమ్మరి లోపం కాదు, నేల స్వభావం. మేడ మీద ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన తొట్లలో పాతిన మూడు ముంతలు మాత్రం చక్కగా పనిచేశాయి. మే నెలలో మేము పెళ్లికి రెండు రోజులు ఊరు వెళ్లి వచ్చినా మిరప మొక్కలు తలవాల్చలేదు. మొగల్రాజపురం కొండ వారన, రాతిముక్కలు కలిసిన గరుకు నేలలో మా చెల్లెలు పాతిన రెండు పెద్ద కుండలైతే చాండ్లర్ పెరటితో సమానంగా పనిచేశాయి. ఎండకు బ్లేజ్‌వాడ అని పేరుపడిన ఊళ్లో, రెండేళ్లుగా బతకని బీరపాదు ఆమె పందిరి నిండా అల్లుకుంది.

మరొక ఇబ్బంది చవుడు. మా బోరు నీరు ఉప్పగా ఉంటుంది, అక్కడి కుళాయి నీటిలో సున్నం ఎక్కువ. రెండు చోట్లా నాలుగైదు నెలలకు కుండ మెడ చుట్టూ తెల్లటి పొర కట్టింది, ఊట తగ్గింది. పంట అయిపోయిన తరువాత కుండను పైకి తీసి, కొబ్బరి పీచుతో తోమి, నీటిలో కొద్దిగా వెనిగర్ కలిపి ఒక రాత్రి నానబెట్టి, ఎండబెట్టి మళ్లీ పాతాలి. అలా చేస్తే మళ్లీ చెమరుస్తుంది. బురద నీరు, ఎరువు కలిపిన నీరు కుండలో పోయకూడదు, సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. చెట్టుకు దగ్గరగా పాతితే దాని బలమైన వేళ్లు కుండను చీలుస్తాయి కాబట్టి, కూరగాయలకు, పూల మొక్కలకు మాత్రమే వాడాలి. మొక్కకూ కుండకూ మధ్య జానెడు దూరం మించకూడదు.

మూడు పరిమాణాల్లో రెండున్నర లీటర్లదే అన్నింటికంటే ఉపయోగకరం. లీటరు ముంత తొట్టికి సరిపోతుంది కానీ ఎడారి జూన్‌లో అది సగం రోజుకే ఖాళీ. ఐదు లీటర్లది తవ్వకానికి కష్టం, పిల్లలు ఎత్తలేరు. దాని బదులు రెండు చిన్నవి పాతితే తడి ఎక్కువ చోటుకు అందుతుంది. ధరకు, పనికి, అమ్మిన మనిషి మాటకు కలిపి ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు మూతుల వెడల్పుకు, సరిగా కూర్చోని మూకుళ్లకు తగ్గించాను.

పోయిన వారం మళ్లీ ఆ దుకాణానికి వెళ్లి, మూతి నాలుగు వేళ్లు పట్టేంత సన్నగా, ప్రతి కుండకూ దాని కొలతకే మూకుడు చేసి ఇవ్వమని అడిగాను. పెద్దాయన సారె మీద ఒకటి తిప్పి చూపించి, వానలు తగ్గి ఆవం పెట్టుకోగానే చేసి ఇస్తానన్నారు. కుండకు 20 రూపాయలు ఎక్కువవుతుందని ముందే చెప్పారు. పది కుండలకు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. నాలుగు చెల్లెలికి, ఆరు చాండ్లర్‌కు. అడుగు పగలకుండా వస్తే ఒకదాన్ని కావాలనే విడగొట్టి పిట్టలకు పెడతానని మనుమరాలు ఫోన్‌లో చెప్పింది. మూకుడుకు బదులు వెడల్పాటి మట్టి పళ్లెం ఒకటి విడిగా చేయించి పంపుతానని మాట ఇచ్చాను, ధర 40 రూపాయలు.